ఉప్పుబావి నీళ్లతో పోసిన మిద్దె

నేను బడికి పోయిన తరువాత మా నాయన ఇంట్లో స్టూలెక్కుతున్నాడన్న సంగతి నాకు చాలా ఏళ్లు తెలియలేదు. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు వంగవని చర్చిలో కూడా అందరూ చాపల మీద కూర్చుంటే ఆయనొక్కడూ కుర్చీ వేయించుకుంటాడు. అటువంటి మనిషి, ఎవరూ లేని వేళ చూసి, హాల్లో స్టూలు వేసుకుని నిలబడి పైకప్పుకు సిమెంటు పూసేవాడు. పూసి, రాలిన రవ్వలు ఊడ్చి, నేల తుడిచి, స్టూలు మళ్లీ వంటింట్లో పెట్టి, నేను వచ్చేసరికి వసారాలో పేపరు చదువుతూ ఉండేవాడు. హాలు తడిగా ఉందేం నాయనా అంటే, "దుమ్ముగా ఉండాదని తుడిచినా పాపా" అనేవాడు. నేను మురిసిపోయేదాన్ని. ఈ వయసులో కూతురికి ఇల్లు తుడిచిపెట్టే తండ్రి ఎవరికి దొరుకుతాడని స్టాఫ్‌రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను. పాతికేళ్లుగా పిల్లల ముఖం చూసి హోంవర్కు చేశాడో లేదో చెప్పే టీచరమ్మను, సొంత తండ్రి ముఖం మాత్రం చదవలేకపోయాను.

నాయన తాపీ మేస్త్రీ. ఉదయగిరిలో ఆయన కట్టిన ఇళ్లు లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. చిన్నప్పుడు ఆయన వెంట బజారుకు పోతే పది నిమిషాల దారి గంట పట్టేది. ప్రతి ఇంటి ముందూ ఆగి, గోడ మూల మీద అరచేయి ఆనించి, ఒక కన్ను మూసి పైకి చూసేవాడు. "చూడు పాపా, వెంట్రుకవాసి తేడా లేదు" అనేవాడు. ఇంటివాళ్లు బయటికొచ్చి మజ్జిగ ఇచ్చేవాళ్లు. నాకు టీచరు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, ఇదే ఊళ్లో కాపురం పెట్టాక, ఇరవై రెండేళ్ల కింద ఆయన నాకొక ఇల్లు కట్టిపెట్టాడు. వయసులో ఉండగా ఎన్ని మిద్దెలు పోసినా తాను మాత్రం పెంకుటింట్లోనే బతికిన మనిషి. కూతురిని మిద్దె కింద పడుకోబెట్టాలని ఆయన కోరిక. అమ్మ పోయాక ఆయన కూడా మా దగ్గరికే వచ్చేశాడు. మా ఒక్క పిల్ల నెల్లూరు హాస్టల్లో చదువుకుంటోంది. హాల్లో కిటికీ పక్కన ఆయన మంచం.

ఆ రోజు రెండో శనివారం. బడి లేదు. నేను వంటింట్లో పప్పు తిరగమోత పెడుతున్నాను. నాయన అంగడికి పోయి పది నిమిషాలయి ఉంటుంది. హాల్లో బస్తా దించినట్టు పెద్ద చప్పుడు. గరిటె చేతిలో పట్టుకునే పరిగెత్తాను. పైకప్పు నుంచి ఒక పెచ్చు ఊడి నాయన మంచం మీద పడి ఉంది. రెండు చేతులతో ఎత్తాల్సినంత పెచ్చు. సరిగ్గా దిండు మీద పడింది. దిండు చిరిగి దూది బయటికొచ్చింది. పైన చూస్తే రెండు ఇనప కడ్డీలు ఎర్రగా, పొట్టు లేచిపోయి కనబడుతున్నాయి.

మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. కూర్చున్న చోటి నుంచి ఆ పెచ్చు వైపు చూస్తే ఒక సంగతి కనబడింది. పెచ్చు అంచులో సిమెంటు ఒక్క రంగుగా లేదు. ఒక పొర బూడిద రంగు, దాని మీద కొంచెం నల్లటి పొర, దాని మీద నిన్నో మొన్నో పూసినంత పచ్చి పొర. మేస్త్రీ కూతురిని. ఒక గోడను ఎన్నిసార్లు పూశారో అంచు చూసి చెప్పగలను. ఆ పచ్చి పొర మీద తాపీతో నునుపుగా తిప్పిన గీత ఉంది. ఆ తిప్పుడు మా నాయనదే.

ఆయన అంగడి నుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు. మంచం వైపు చూశాడు, పైకి చూశాడు. ఏమైంది అని అడగలేదు.

"నీకేం తగల్లేదు గదా?" అన్నాడు.

"నాకు తగల్లేదు. నీ దిండుకు తగిలింది. ఎన్నాళ్ల నుంచి పూస్తున్నావు నాయనా ఇది?"

ఆయన పెరట్లోకి పోయి తాపీ, సిమెంటు తట్ట తీసుకొచ్చాడు. అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తాపీ లాక్కుని బయటికి విసిరేశాను. నా జన్మలో ఆయన తాపీని విసిరెయ్యడం అదే మొదటిసారి. ఆయన పోయి దాన్ని తీసుకుని, మట్టి తుడిచి, మూలన పెట్టుకున్నాడు.

మా ఆయన ఆత్మకూరు డిపోలో కండక్టరు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, పైకి చూసి, తేలిగ్గా తీసిపారేశాడు. పుట్టీ పెట్టి పెయింటు వేయిస్తే సరిపోతుందన్నాడు. ఇంజనీరును పిలిపించి చూపిద్దామన్నాను.

"ఏంది నువ్వు చెప్పేది? ఇంట్లో మేస్త్రీని పెట్టుకుని ఇంజనీరును పిలిస్తే ఊరంతా నవ్వుతాది. మీ నాయన మొహం యాడ పెట్టుకుంటాడు?"

ఆ మాట నిజమే. అందుకే నాకు మరీ మండింది. మనవాళ్లు సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూస్తారు. ఎద్దును కొంటే నోరు తెరిచి పళ్లు లెక్కపెడతారు. తలమీద టన్నుల బరువు మోస్తున్న మిద్దెను మాత్రం ఒక్కసారి కూడా కొట్టి చూడరు. పండగకో పెళ్లికో సున్నాలు వేసేటప్పుడు పగుళ్లలో పుట్టీ కుక్కి పైన రంగు పూస్తారు. ఆ రంగు బాగుందని మళ్లీ నలుగురికి చూపిస్తారు. నేనూ ఏమీ తక్కువ తినలేదు. మా ఇంటికి మూడుసార్లు రంగులు వేయించాను. మూడుసార్లూ పైన గోధుమరంగు చారలు కనబడితే వాన చెమ్మ అనుకున్నాను. ఆ చారలు గీత గీసినట్టు తిన్నగా ఎందుకున్నాయని ఒక్కనాడూ అనుకోలేదు.

మంచాన్ని వసారాలోకి మార్చి, సోమవారం సెలవు పెట్టి ఆత్మకూరు బస్సెక్కాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇంజనీరింగు చేసి, బస్టాండు దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకుని ఇళ్ల ప్లాన్లు గీస్తోంది. ఆ రోజుల్లో లెక్కల్లో నా చేత మొట్టికాయలు తిన్న పిల్ల. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేసింది. ఫోనులో తీసిన ఫోటోలు చూపించాను. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"టీచర్, ఆ హాల్లో ఎవురూ పడుకోవద్దు. రేపే వస్తా" అంది.

ఇది ముందే ఎప్పుడు చూపించి ఉండాల్సింది అని అడిగాను. మనసులో ఉన్నది అక్కసు. ఎవరి మీదో తెలియదు.

"చారలు కనపడినప్పుడే చూపించుండాల టీచర్. చార తిన్నగా ఉండాదంటే లోపల కడ్డీ తుప్పు పట్టిందని లెక్క. పూసిన చోటే మళ్లీ పెచ్చు లేచినా అంతే, ఇంక పూసి లాభం లేదు. గోడ పగులులో రూపాయి బిళ్ల దూరితే చూపించాల. ఉన్నట్టుండి తలుపు పట్టేస్తే చూపించాల. పాత ఇల్లు కొనే ముందు చూపించాల. అన్నిటికన్నా ముఖ్యం, పాత మిద్దె మీద ఇంకో మిద్దె ఎక్కించే ముందు. కానీ ఎవురొస్తారు టీచర్? పైన అంతస్తుకు ప్లాను గీయమని వస్తారు. కింద స్లాబు చూస్తానంటే, ఇరవై ఏళ్ల నుంచి నిలబడే ఉండాది గదమ్మా అంటారు."

ఆ చివరి మాట అప్పుడు నాకు పట్టలేదు. మా వీధి చివర, ఊళ్లో పెద్దరికం చేసే రైతు కుటుంబం వాళ్ల ఇంటి ముందు నెల రోజులుగా ఇటుకలు, ఇసుక కుప్పలు పోసి ఉన్నాయి. ఆ ఇంటి మీద రెండో మిద్దె లేస్తోంది. ఆ ఇల్లు కూడా మా నాయన కట్టిందే. ఇటుకలు దిగినప్పటి నుంచి ఆయన అంగడికి ఆ వైపు పోకుండా చుట్టుదారిన పోతున్నాడు. అదీ నేను గమనించాను కానీ, ఎండకు చెట్లున్న దారి చూసుకుంటున్నాడనుకున్నాను.

మరుసటి రోజు ఆ అమ్మాయి వచ్చింది. సంచిలోంచి చిన్న సుత్తి, టార్చి తీసింది. నిచ్చెనెక్కి పైకప్పును జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయింది. గట్టిగా ఉన్న చోట 'టంగు' మంటోంది. లోపల విడిపోయిన చోట డొల్లగా 'డబ్' మంటోంది. డొల్లగా మోగిన చోటల్లా గుండ్రంగా గీత గీయాలంది. నా బడి సంచిలో సుద్దముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఇచ్చాను. నాయన గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి నేను సుత్తిని చూడడం మానేసి ఆయననే చూశాను. ఆ అమ్మాయి ఇంకా కొట్టకముందే ఆయన కళ్లు ఆ చోటికి పోతున్నాయి. ఆయన చూసిన చోటల్లా 'డబ్' మంది. హాలు అయ్యేసరికి పైకప్పు నిండా నా సుద్దముక్కతో గీసిన సున్నాలే.

నిచ్చెన దిగి ఆ అమ్మాయి తలపట్టుకుంది. "పనితనం చూస్తే వంక పెట్టేదానికి లేదు టీచర్. కంకర మంచిది. కడ్డీలు లెక్క ప్రకారం వేసినారు. ఇంత నీటుగా పోసిన స్లాబు నేను ఈ మధ్య చూళ్లేదు. అయినా లోపల ఇనుము మొత్తం తినేసింది." డ్రిల్లుతో రెండు మూడు చోట్ల పొడి తీసి కవర్లలో వేసుకుంది, నెల్లూరులో ల్యాబుకు పంపాలని. తరువాత నాయన వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"తాతా, ఈ మిద్దె ఏ నీళ్లతో పోసినారు?"

నాయన ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి నన్ను చూసింది. "చెవులు సరిగా వినపడవు" అన్నాను. ఆయన చెవులు నాకన్నా బాగా పనిచేస్తాయి.

ఆ సాయంత్రం వసారాలో, ఇంకా వెలుతురు ఉండగానే, అడగకుండానే ఆయన చెప్పాడు. కొండ వైపు చూస్తూ చెప్పాడు.

మా ఇల్లు కట్టిన ఏడు వానలు లేవు. చెరువు బీటలు వారింది. ఊళ్లోకి మంచినీళ్ల ట్యాంకరు వస్తే బిందెలతో కొట్టుకునే రోజులు. మూఢం వస్తోంది. మూఢం వచ్చిందంటే మంచి పనులు ఏవీ పెట్టుకోరు. అందుకే వీధి చివరి పెద్దాయన ఇంటి స్లాబుకు మూఢానికి ముందు ఆఖరి ముహూర్తం పెట్టారు. సెంట్రింగు కొట్టేశారు, కడ్డీలు కట్టేశారు, కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది, నలభై మంది కూలీలు దిగారు, పురోహితుడు వచ్చి కూర్చున్నాడు. నీళ్ల ట్యాంకరు మాత్రం దారిలో చెడిపోయి ఆగిపోయింది. ఊరి చివర ఒక బావి ఉండేది. ఉప్పుబావి అనేవాళ్లు. గొడ్లు కూడా తాగని నీళ్లు. బట్టలు ఉతికితే సబ్బు నురగ రాదు.

"ఆగుదామయ్యా అన్నా. నీళ్లు నీళ్లే గదా మేస్త్రీ, ముహూర్తం దాటిపోతాది, పొయ్యి అన్నాడు పెద్దాయన. నేను ఇంకోసారి చెప్పుండాల. చెప్పలేదు. పోసినా."

"ఉప్పునీళ్లు పోస్తే ఏమవుతుందో అప్పుడు నీకు తెలుసా నాయనా?"

"తెలుసు. మా గురువు నాకు మొట్టమొదట నేర్పింది అదే. తాగే నీళ్లతోనే కలపాల అని. కానీ ఏం గాదులే అనుకున్నా. రెండ్రోజులకి నీ ఇంటికీ అవే పోసినా." ఊపిరి తీసుకుని, అసలు మాట చెప్పాడు. "పై వారం గురువారం ఆ యింటి మీద ఇంకో మిద్దె పోస్తా ఉండారు పాపా. కింద మిద్దె మోయలేదు. కింద పిల్లా జెల్లా తొమ్మిది మంది ఉండారు."

మళ్లీ మూఢం వస్తోంది. మళ్లీ దానికి ముందు ఆఖరి ముహూర్తమే పెట్టుకున్నారు.

వెంటనే పోయి చెప్పాను అని రాయగలిగితే బాగుండేది. చెప్పలేదు. రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆయన, ఏ ముఖం పెట్టుకుని పోను అని కూర్చున్నాడు. నేనేమో ఆయన పేరు పోతుందని భయపడ్డాను. నలభై ఏళ్లు గోడ మీద అరచేయి ఆనించి గర్వపడ్డ మనిషిని ఊరు ఏమంటుందో అనుకున్నాను. ఇంజనీరు అమ్మాయి చేత ఊరికే వెళ్లి చూసినట్టు చెప్పిద్దామా, పేరు లేకుండా ఉత్తరం రాద్దామా అని కూడా ఆలోచించాను. అదే రెండు రోజులు బడిలో ఐదో తరగతికి నిజం చెప్పాలన్న పాఠం చెప్పాను. సిగ్గులేకుండా చెప్పాను. బల్ల మీద కొట్టి మరీ చెప్పాను.

మూడో రోజు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే నాయన స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని వసారాలో నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. అందులో సుత్తి.

"నాతో రా పాపా. నాకు మాట తడబడితే నువ్వు చెప్పు" అన్నాడు.

హెడ్మాస్టరుకు ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాను.

పెద్దాయన వాళ్ల హాల్లో తలెత్తి చూశాను. పైకప్పు కనబడనే లేదు. పైనంతా తెల్లటి ఫాల్స్ సీలింగు, మధ్యలో పూల డిజైను, చుట్టూ వరసగా బల్బులు. ఏ చారలున్నాయో, ఏ పెచ్చు లేచిందో అందులో దాగిపోయింది. పెద్దాయనకు ఎనభై దగ్గర పడ్డాయి. పడక్కుర్చీలో ఉన్నాడు. కొడుకు సెల్లుఫోనులో కంకర లారీవాడితో మాట్లాడుతున్నాడు. నాయన నిలబడే చెప్పాడు.

"అయ్యా, గురువారం పైన మిద్దె పొయ్యొద్దు. కింద మిద్దె ఆగదు. ఆ పొద్దు ఉప్పుబావి నీళ్లతో పోసినా. లోపల ఇనుము తినేసి ఉంటాది. మా బిడ్డ ఇంట్లో తిన్నాది. చూసినా."

కొడుకు ఫోను పెట్టేశాడు. "ఏంది మేస్త్రీ నువ్వు చెప్పేది? ఇరవై రెండేళ్ల తరవాత వచ్చి చెప్తావా? సీలింగే నాలుగు లక్షలు పెట్టి చేయించినాము."

"సీలింగు లేని గది ఏదన్నా ఉంటే చూపించండయ్యా."

వడ్లబస్తాలు పెట్టే గదికి సీలింగు వెయ్యలేదు. నాయన అంత ఎత్తు బస్తాల మీదికి ఎక్కలేడని నేనే ఎక్కాను. సుత్తితో కొట్టాను. నాలుగు దెబ్బలకు నాలుగూ డొల్లే. ఐదో దెబ్బకు పళ్లెమంత పెచ్చు ఊడి బస్తా మీద పడింది. దానితో పాటు ఎర్రటి పొడి జలజలా రాలింది. గడపలో ఆ ఇంటి కోడలు చంకన పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొడుకు అరవడం మొదలుపెట్టాడు. నమ్మి ఇల్లు అప్పజెప్పితే ముంచినావన్నాడు. ఉప్పునీళ్లు పొయ్యమని నీకెవరు చెప్పినారన్నాడు. నేను పెద్దాయన వైపు చూశాను. మెల్లగా నడిచి వచ్చి గది బయట కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెబుతాడు, పొయ్యమన్నది నేనేరా అంటాడు అని ఎదురుచూశాను. ఆయన కింద పడిన పెచ్చు వైపే చూస్తున్నాడు. నా వైపు చూడలేదు, మా నాయన వైపూ చూడలేదు.

"ఎవురూ చెప్పలేదయ్యా. తప్పు నాది" అన్నాడు నాయన.

పెద్దాయన కర్ర నేల మీద తట్టాడు. "గురువారం పని ఆపండి."

"ముహూర్తం నాయనా..."

"ఆపమంటి గదరా."

అంతే. మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు.

ఇంటికి నడుస్తుంటే నా కోపం కట్టలు తెంచుకుంది. "పొయ్యమంది ఆయన. ఒక్క మాట అనలేదే! నువ్వెందుకు చెప్పలేదు నాయనా? కొడుకు నిన్ను నోటికొచ్చినట్టు తిడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు గదా!"

నాయన ఆగాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"ఆయన నోటితో అన్నాడు. తాపీ నా చేతిలో ఉండాది గదా పాపా."

ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. కాంక్రీటులో ఉప్పు మోతాదుకు చాలా మించి ఉందని రాశారు. ఇంజనీరు అమ్మాయి వాళ్ల ఇల్లూ చూసింది. సీలింగు పీకేస్తే పైన మా హాలు కన్నా అన్యాయంగా ఉంది. పైకప్పు పడకుండా కింద దూలాలు ఆసరాగా నిలబెట్టి వాళ్లు ఇంకో వీధిలో అద్దెకు దిగారు. ముహూర్తం దాటిపోయింది, మూఢం వచ్చింది, ఆకాశం ఏమీ ఊడిపడలేదు. ఊళ్లో మాత్రం మేస్త్రీ ఉప్పునీళ్లు పోసి ఇళ్లు ముంచాడన్న మాట పాకిపోయింది. పొయ్యమన్నది ఎవరో ఎవరికీ తెలియదు. చర్చిలో నాయన కుర్చీ పక్కన రెండు వారాలు ఎవరూ చాప వేసుకోలేదు. ఆయన కట్టిన ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే మా ఇంటికి వచ్చి, మాది ఏ నీళ్లు మేస్త్రీ అని అడిగారు. కొందరు మర్యాదగా, కొందరు తగువుకొచ్చినట్టు. ఆ వారం పోసినవి ఆ రెండు మిద్దెలేనని నాయన అందరికీ చెప్పాడు. చెప్పినా సుత్తి తీసుకుని వెంట పోయాడు. నా నోటి మాట నమ్మొద్దు, కొట్టి చూసుకోండి అన్నాడు. మజ్జిగ ఎవరూ ఇవ్వలేదు.

మేమూ బడి దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మా ఇంటి గోడలు గట్టిగానే ఉన్నాయని, పైకప్పు మాత్రం తీసేసి మళ్లీ పోసుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. మిద్దె పగలగొట్టే రోజు వద్దన్నా వినకుండా నాయన వచ్చి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు మోతకు వీధంతా అదిరింది. నా ఇరవై రెండేళ్ల కాపురం పైకప్పు ముక్కలు ముక్కలుగా కిందికి వస్తోంది. ఒక కడ్డీ ముక్క దొర్లుకుంటూ రోడ్డు మీదికొచ్చింది. నాయన దాన్ని తీసి రెండు చేతులతో వంచాడు. ఎండుపుల్లలా పుటుక్కున విరిగింది.

అన్నాళ్లుగా నాలో ఒక ప్రశ్న తిరుగుతోంది. అడిగితే ఆయన ఏమవుతాడోనని అడగలేదు. ఆ విరిగిన కడ్డీ చూశాక ఇక ఆగలేకపోయాను.

"నాయనా, వాళ్లకైతే ముహూర్తం దాటిపోతుంది. మనకు ముహూర్తాలు లేవు. మన తాతల కాలంలోనే ప్రభువును నమ్ముకున్నాం, మూఢం మనల్ని ఏం చేస్తుంది? పాస్టరుగారు ప్రార్థన ఏ రోజైనా చేసేవాడు. రెండ్రోజులు ఆగుంటే ట్యాంకరు వచ్చేది. నా ఇంటికి ఎందుకు పోసినావు?"

బ్రేకరు ఆగింది. కూలీలు టీకి దిగుతున్నారు. ఆయన కడ్డీ ముక్కలు రెండూ పక్కన పెట్టాడు.

"ట్యాంకరు మరుసటి పొద్దే వచ్చింది పాపా. మన ఇంటి ముందరే నిలబడింది. మంచినీళ్లు. నేనే పంపించేసినా."

నేను ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"ఆ యింటికి ఉప్పునీళ్లు పోసి, నా బిడ్డ ఇంటికి మంచినీళ్లు పోస్తే, నేను చేసింది తప్పని నాకు తెలిసినట్టే గదా. అప్పుడు ఆ యింటి ముందర ఎట్ట నడిచేది? నీకూ అవే పోస్తే, ఏం గాదులే, నా బిడ్డకే పోసినా గదా అని చెప్పుకోవచ్చు. ఎవురికో కాదు. నాకు నేనే చెప్పుకునేదానికి."

జాలి వేసింది. అంతకు మించి కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లు నన్ను, నా పిల్లను ఆ మిద్దె కింద పడుకోబెట్టి, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలియకుండా చేశాడు. నాలుగు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. అన్నం పెట్టాను, మందులిచ్చాను, మాట్లాడలేదు.

కొత్త స్లాబు పోసే రోజు పొద్దున ట్యాంకరు వచ్చింది. ఇంజనీరు అమ్మాయి ముందే ఆ నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేయించింది, బాగున్నాయని కాగితం నా చేతిలో ఉంది. అయినా నాయన మోకాళ్లు ఈడ్చుకుంటూ ట్యాంకరు దగ్గరికి పోయి, పైపు కింద దోసిలి పట్టాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగాడు. మళ్లీ దోసిలి పట్టి ఇంకో గుక్క తాగాడు. మిల్లరు దగ్గర కొత్త మేస్త్రీ తట్ట పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నాయన పొయ్యమని చెప్పలేదు. తడి చేతులు చొక్కాకు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నా నాలుకను నేను నమ్మలేకపోతా ఉండా పాపా. నువ్వు తాగి చెప్పు" అన్నాడు.

చేతిలోని కాగితం సంచిలో పెట్టి, పైపు కింద దోసిలి పట్టాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఉన్నాయని తెలిసి కూడా రెండోసారి తాగాను.

"పొయ్యమను నాయనా" అన్నాను.